అలాగే రాస్తూ ఉండండి

ఆవిడ పోయారన్న వార్త ఫోనులోకి వచ్చేసరికి నేను కొల్లేటి ఊళ్ళలో ఒకచోట, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాళ్ళ పక్కింటి అమ్మాయి ఎలాంటిదో ఆరా తీస్తున్నాను. నా ఉద్యోగమే అది. కంపెనీలు, ఆసుపత్రులు, స్కూళ్ళు ఎవరినైనా పనిలోకి తీసుకునే ముందు, ఆ మనిషి చెప్పుకున్నవి నిజమో కాదో చూసి చెప్పమని మా ఆఫీసుకు ఫైలు పంపుతాయి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, ఇటు భీమడోలు, నల్లజర్ల, అటు కొల్లేటి ఊళ్ళూ నా వాటా. బండి వేసుకుని వెళ్ళి, ఇల్లు ఉందో లేదో చూసి, ఇరుగుపొరుగును కదిపి, చివర్లో ఆ మనిషి గుణం గురించి ఇంగ్లీషులో రెండు ముక్కలు రాయాలి. క్లుప్తంగా చెప్పాలంటే, ఎవరినీ నమ్మకుండా ఉన్నందుకు నాకు జీతం ఇస్తారు.

అందుకే ఆ వార్తను కూడా నమ్మలేదు. అది వచ్చింది మా పాత స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు వాట్సాప్ గ్రూపులో. పండగలకు పువ్వులూ, పొద్దున్నే గుడ్ మార్నింగులూ తప్ప అందులో నిజమైన సంగతి వచ్చిన గుర్తు లేదు. పైగా పంపినవాడు ఎక్కడినుంచో వచ్చినదాన్ని ఇటు తోశాడు. టైము లేదు, ఊరు లేదు, ఒక మసక ఫోటో, కింద దండం పెడుతున్న చేతులు. నేను వెంటనే "ఐ డౌట్ దిస్ న్యూస్ ఈజ్ ఫాల్స్" అని రాశాను. ఈ వార్త అబద్ధమేమోనని నాకు అనుమానం, అని నా భావం. దానికి నలుగురైదుగురు దండాలు పెట్టారు. ఒకాయనైతే "అవునండి, మాకూ కన్ఫర్మ్ అయింది" అన్నాడు. నేను కాదు అంటుంటే వీళ్ళు అవునంటారేమిటని ఒళ్ళు మండి, ఫోను జేబులో పడేశాను. సాయంత్రానికి గానీ నేనేం రాశానో నాకు తెలియలేదు.

ఆవిడ పేరు చెప్పను. చెప్పినా అది అసలు పేరేనా అన్న అనుమానం నాకు చాలాకాలం ఉండేది. అందరం మేడమ్ గారనేవాళ్ళం. ఏలూరు పవర్‌పేటలో ఆవిడ మరిది నడిపే టైలరు షాపు, దాని మీద ఒక గది, అదే క్లాసు. గోడలకు పాత తివాచీలు వేలాడుతూ ఉండేవి. అవి వాళ్ళ నాన్నగారు నేసినవట. కింద మిషన్ల చప్పుడు పైకి రాకుండా కట్టించానండీ అనేవారు. పైన మాటలు కిందికి వెళ్ళకుండా కట్టించి ఉంటారని నేననుకునేవాణ్ణి.

సన్నగా, కాస్త ముందుకు వంగినట్టుండే మనిషి. చేతి గడియారం డయలు మణికట్టు లోపలివైపుకు పెట్టుకునేవారు. టైము చూసుకున్నప్పుడల్లా ఏదో మనకు కనబడకుండా చదువుకుంటున్నట్టు ఉండేది. ఎక్కడ చదువుకున్నారండీ అని అడిగితే "చాలా చోట్లండీ" అనేవారు. ఇంతకుముందు ఎక్కడ చెప్పేవారండీ అంటే "దూరంలెండి" అనేవారు. ఇలాంటి జవాబులు వింటే నాలాంటివాడికి నిద్ర పడుతుందా?

నేను ఆ క్లాసుకు వెళ్ళింది సరదాకి కాదు. మా పై ఆఫీసువాళ్ళు చీవాట్లు పెట్టారు. సగానికి సగం ఫైళ్ళలో గుణం దగ్గర "గుడ్" అని రాసి ఊరుకుంటున్నారు, మనుషుల గురించి సరిగా రాయడం నేర్చుకోండి అన్నారు. మేడమ్ గారు చెప్పేది సరిగ్గా అదే. మనుషుల్ని ఇంగ్లీషులో వర్ణించడం. మొండి, పిసినారి, మొహమాటస్తుడు, మాట మీద నిలబడేవాడు, ఒక్కొక్కదానికి ఇంగ్లీషులో ఏమంటారు, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడితే తన్నులు తింటాం. గుడ్, బ్యాడ్, నైస్ అన్న మూడు మాటలు మాత్రం ఆ గదిలో నిషేధం. "గుడ్ అనేది టీకండీ, మనిషికి కాదు" అనేవారు.

ఆవిడ పద్ధతి ఒకటుంది. ఎవరినైనా వర్ణించమంటే ముందు మాట చెప్పనిచ్చేవారు కాదు. "ముందు ఆ మనిషి ఏం చేశారో చెప్పండి. పేరు తర్వాత పెడదాం." ఏలూరులో నర్సుగా చేసే సుభాషిణి అనే అమ్మాయి మాతోపాటు ఉండేది. ఒకరోజు ఆ అమ్మాయి లేచి వాళ్ళ అత్తగారు వెరీ బ్యాడ్ అంది. ఏం చేశారండీ అని అడిగారు మేడమ్ గారు. ఫ్రిజ్జుకు తాళం వేస్తారంది. ఇంకేం చేశారంటే, సుభాషిణి కాసేపు ఆలోచించి, తను డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆవిడ అన్నం తినరని చెప్పింది. మేడమ్ గారు బోర్డు మీద ఆ చివర "స్టింజీ" అనీ, ఈ చివర "డివోటెడ్" అనీ రాసి, ఇద్దరూ ఒక్కరేనండీ అన్నారు. క్లాసంతా నవ్వింది. సుభాషిణి నవ్వలేదు, రాసుకుంది.

ఇంకో అలవాటు నాకు మొదటినుంచీ వింతగా ఉండేది. చెడ్డ మాట ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడు, అహంకారి అనో, అత్యాశపరుడు అనో, ముందు వెళ్ళి కిటికీ వేసి వచ్చేవారు. ఎందుకండీ అంటే, రోడ్డు మీద పోయేవాళ్ళు విని తమనే అంటున్నారనుకుంటారండీ అన్నారు. పవర్‌పేట రోడ్డు మీద పోయేవాళ్ళకు ఇంగ్లీషు విశేషణాలు వినే తీరిక ఎక్కడిది? దీని వెనక ఏదో ఉందనుకునేవాణ్ణి.

నేను ఆవిణ్ణి అడిగిన మొదటి ప్రశ్న మా వృత్తిలో పుట్టింది. మా గోదావరి వైపు ఎవరూ ఎవరి గురించీ చెడు చెప్పరు. ఆరు కేసులున్నవాడి గురించి అడిగినా "మంచోరండి" అనే అంటారు. కానీ ఇష్టం లేకపోతే ఆ మాటలో చిన్న తేడా వస్తుంది. "మంచోరేనండి" అంటారు. ఆ "ఏ" దగ్గర గొంతు కొంచెం సాగుతుంది. నేను ఇన్నేళ్ళూ బతుకుతున్నది ఆ "ఏ" మీదే. దాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలండీ అని అడిగాను. ఆవిడ సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు ఆలోచించారు. "దానికి వాళ్ళ దగ్గర మాట లేదండీ. కనుబొమ్మ ఎత్తుతారు. మీరు కాగితం మీద కనుబొమ్మ ఎత్తలేరు కదా" అన్నారు. కాగితం మీద ఎత్తగలిగిన మాట ఒకటి నా దగ్గర ఉందనీ, అది డౌట్ అనీ అప్పట్లో నా ధీమా.

ఆ ధీమాతోనే ఒకరోజు లేచి మా పక్క చేను ఆయన్ని వర్ణించాను. పద్ధతి ప్రకారం ముందు చేసిన పని చెప్పాను. భీమడోలు దగ్గర మా చేనుకూ ఆయన చేనుకూ మధ్య గట్టు ఏటికేడాది సన్నబడుతోంది, మా వైపే సన్నబడుతోంది. తర్వాత పేరు పెట్టాను. "ఐ డౌట్ హి ఈజ్ ఎ థీఫ్."

మామూలుగా అయితే ఆవిడ ఊరుకోరు. ఏ, యాన్ తేడా వస్తేనే ఆపి మళ్ళీ చెప్పించేవారు. ఆరోజు మాత్రం సుద్దముక్క బోర్డు మీద ఆనించి అలాగే ఉండిపోయారు. తర్వాత నెమ్మదిగా, "మీ రిపోర్టుల్లో కూడా ఇలాగే రాస్తారా అండీ?" అని అడిగారు.

"ఇలాగేనండి. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇలాగే."

"మీకు అనుమానం ఉన్న ప్రతివాళ్ళ గురించీ?"

"ప్రతివాళ్ళ గురించీనండి."

ఆవిడ వెళ్ళి కిటికీ వేసి వచ్చారు. థీఫ్ అన్నాను కదా, అందుకనుకున్నాను. వచ్చి కుర్చీలో కూర్చుని, "చాలా బాగుందండీ. అలాగే రాస్తూ ఉండండి" అన్నారు. ఆవిడ నోటివెంట చాలా బాగుంది అన్న మాట విన్నది ఆ గదిలో నేనొక్కణ్ణే. గర్వపడ్డాను. అనుమానం కూడా పడ్డాను, అయితే అది పొగడ్త మీద కాదు, కిటికీ మీద.

చివరి క్లాసు రోజు ఆవిడ మాకు ఒక్కొక్కరికి ఒక్కో మాట ఇచ్చారు. ఇన్నాళ్ళూ మీరు అందరికీ పేర్లు పెట్టారు, ఇవాళ నేను మీకు పెడతానండీ అన్నారు. సుభాషిణికి "ఫెయిర్" వచ్చింది, న్యాయంగా ఉండే మనిషి అని. నాకు "సస్పిషస్" వస్తుందని అందరూ ఎదురుచూశారు, నేను కూడా. అప్పటికే క్లాసులో నన్ను సీఐడీ గారనేవాళ్ళు. ఆవిడ నా వైపు చూసి, గడియారం ఒకసారి లోపలికి తిప్పుకుని, "హార్మ్‌లెస్" అన్నారు.

ఇంటికి వెళ్ళి డిక్షనరీ తీస్తే, హాని చేయని అని అర్థం, పక్కనే ఉదాహరణకు పాము. కొల్లేటి వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు నీరుకట్టె సంగతి. బుసకొడుతుంది, కరుస్తుంది కూడా, విషం మాత్రం ఉండదు. ఒక మనిషికి ఉద్యోగం రావాలా పోవాలా అన్నది నా చేతి రాతలో ఉంటే, నేను నీరుకట్టెనా? చాలాకాలం ఆ మాట నాకు గుచ్చుకుంటూనే ఉండేది.

ఆ తర్వాతి ఏడాది ఆవిడ ఫైలే నా దగ్గరికి వచ్చింది.

టైలరు షాపు ఉన్న బిల్డింగు పడగొట్టి కాంప్లెక్సు కడతామన్నారు. క్లాసు పోయింది. మంచంలో ఉన్న తల్లిని చూసుకోవాలి, అద్దె కట్టుకోవాలి. తాడేపల్లిగూడెంలో ఒక హాస్టల్ స్కూలులో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం, ఉండటానికి క్వార్టరుతో సహా. ఆ వయసులో అది తప్పిపోతే ఇంకొకటి రాదు. ఇదంతా ఆవిడ చెప్పలేదు, పక్కింటావిడ చెప్పింది. తెలిసినవాళ్ళ ఫైలు వస్తే మరొకరికి ఇవ్వాలని మా ఆఫీసులో రూలుంది. నేను ఇవ్వలేదు. ఇన్నాళ్ళకు దూరంలెండి అన్న మాట సంగతి తేల్చే అవకాశం దొరికింది, ఎలా వదులుకుంటాను?

డిగ్రీ నిజమే. అది నన్ను కొంచెం నిరాశపరిచింది. అనుభవం దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. ఫలానా ఊళ్ళో ఫలానా స్కూలులో చాలా ఏళ్ళు పనిచేశానని రాశారు. వెళ్ళి చూస్తే ఆ స్కూలు మూతబడి ఎన్నాళ్ళో అయింది, ఆ చోట ఫంక్షన్ హాలు ఉంది. అడగడానికి ఒక్క మనిషి లేడు. పవర్‌పేట వచ్చి పక్కింటావిణ్ణి అడిగాను. మేడమ్ గారు ఎలాంటివారండీ? ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, "మంచోరేనండి" అంది. "ఏ" బాగా సాగింది. ఎందుకండీ అలా అన్నారు అంటే, ఏమీ లేదండి, ఎవరితోనూ కలవరు, వచ్చినవాళ్ళ ముందు కిటికీ వేసేసుకుంటారు అంది.

ఇంక కావలసిందేముంది. "ఐ డౌట్ హర్ ఎక్స్‌పీరియన్స్ ఈజ్ ఫాల్స్" అని రాసి పంపించాను. ఎవరైనా ఒకటే, డ్యూటీ డ్యూటీయే అనుకున్నాను. తర్వాత రెండు రోజులు మాత్రం అన్నం సహించలేదు, అది ఒప్పుకోవాలి.

వారం తిరక్కుండా గ్రూపులో ఆవిడే రాశారు, ఉద్యోగం వచ్చిందని. నేను నిర్ఘాంతపోయాను. నేను అంత స్పష్టంగా రాసినా తీసుకున్నారంటే లోపల ఎవరో పెద్దవాళ్ళు చెప్పి ఉండాలి. ఎవరు? తర్వాత చాలాకాలం ఆ మనిషి ఎవరా అని నాలో నేను ఆరా తీస్తూనే ఉన్నాను. పైగా ఇది మొదటిసారి కాదు. నేను డౌట్ అన్నవాళ్ళందరికీ ఉద్యోగాలు వచ్చేవి. లోకంలో సిఫార్సులు అంతలా పెరిగిపోయాయని నలుగురికీ చెప్పుకుని బాధపడేవాణ్ణి.

ఒకసారి వేరే ఫైలు మీద ఆ స్కూలుకే వెళ్ళాల్సి వచ్చింది. వరండాలో నడుస్తుంటే ఆవిడ గొంతు వినిపించింది. "ముందు వాచ్‌మన్ గారు ఏం చేశారో చెప్పండి." లోపల పిల్లలు ఏదో అన్నారు. ఆవిడ కిటికీ వేయడానికి వచ్చి, అవతల నన్ను చూశారు. రెక్క పట్టుకుని అలాగే నిలబడ్డారు. జుట్టు బాగా నెరిసింది, గడియారం మాత్రం లోపలివైపుకే ఉంది.

"ఇంకా అలాగే రాస్తున్నారా అండీ?"

"అలాగేనండి. మీరు బాగుందన్నారు కదా."

"అన్నాను" అని నవ్వి, కిటికీ వేసేశారు. ఆ నవ్వు ఏ రకమో తెలియలేదు. నేర్చుకున్న మాటల్లో దేనికీ అది సరిపోలేదు. అదే ఆవిణ్ణి చివరిసారి చూడటం.

వార్త వచ్చిన సాయంత్రం సుభాషిణి ఫోను చేసింది. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. మధ్యాహ్నం ఏలూరులో అంత్యక్రియలు అయిపోయాయనీ, అందరూ వచ్చారనీ, నేనెందుకు రాలేదనీ అడిగింది. వార్త అబద్ధమనుకున్నానమ్మా, గ్రూపులో రాశాను కదా అన్నాను.

"మీరు నిజమేనని రాశారు కదండీ" అంది.

నేను కాదన్నాను. తను అవునంది. అప్పుడు విడమర్చి చెప్పింది. మనకు తెలుగులో డౌటంటే అనుమానం. వాడు దొంగేమోనని డౌటు అంటాం. ఇంగ్లీషులో డౌట్ అంటే నమ్మకపోవడం. ఐ డౌట్ హి ఈజ్ ఎ థీఫ్ అంటే వాడు దొంగ అంటే నేను నమ్మను అని అర్థం. మన అనుమానానికి వాళ్ళ మాట సస్పెక్ట్. ఈ వార్త అబద్ధమంటే నేను నమ్మను అని రాశారు మీరు, అందుకే అందరూ దండాలు పెట్టారు.

కొల్లేటి రోడ్డు పక్కన బండి ఆపి వింటున్నాను. చేపల లారీలు పోతున్నాయి. పక్క చేను ఆయన మొదలుకుని, నేను డౌట్ అన్నవాళ్ళ మొహాలన్నీ ఒకటొకటిగా కళ్ళముందుకు వచ్చాయి. నాకు అనుమానం ఉన్న ప్రతివాళ్ళనూ, వీళ్ళు మోసగాళ్ళంటే నేను నమ్మనని, ఇన్నేళ్ళుగా నా చేత్తో నేనే రాసి సంతకం పెడుతున్నాను. ఆవిణ్ణి కూడా.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"క్లాసులోనే చెప్పారండి మేడమ్ గారు. మీరు రాని రోజు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పొద్దన్నారండి. మన వైపు పిల్లలు రేపు ఏ ఉద్యోగానికి వెళ్ళినా ఫైలు మీ దగ్గరికే వస్తుందట. ఆయన అనుమానం ఆయన దగ్గరే ఉండనివ్వండి, మాట మాత్రం అలాగే ఉండనివ్వండి అన్నారు. నా ఫైలు కూడా మీరే చూశారు కదండీ."

చూశాను. అత్తగారి ఫ్రిజ్జు తాళం గుర్తుపెట్టుకుని మరీ డౌట్ రాశాను.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ముందు కోపం వచ్చింది. ఇంతమంది చేరి నన్ను వెధవను చేశారు. తర్వాత అలవాటైన పని మొదలైంది. ఆవిడ ఇదంతా పిల్లల కోసమే చేశారా, లేక ఎప్పటికైనా తన ఫైలు కూడా నా దగ్గరికే వస్తుందని ముందే లెక్క వేసుకున్నారా? బిల్డింగు పడగొడతారని ఆవిడకు అప్పటికే తెలుసా? మూతబడిన ఆ స్కూలులో నిజంగా పనిచేశారా? చెప్పగలిగిన ఒక్క మనిషి మట్టిలోకి వెళ్ళిపోయారు. నేను నమ్మనందువల్ల చివరిచూపు కూడా దక్కలేదు. దుఃఖం అప్పుడు వచ్చింది, నేను ఆపలేదు. ఆవిడ మీద అనుమానం మాత్రం ఇప్పటికీ పోలేదు. పోతే ఆవిడ నాకు పూర్తిగా దూరమైపోతారనిపిస్తుంది.

మర్నాడు పొద్దున కొల్లేటి అమ్మాయి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ల్యాబ్ టెక్నీషియను ఉద్యోగం. ఇంతకుముందు కైకలూరులో ఒక ల్యాబులో చేశానని రాసింది, వెళ్ళి చూస్తే అది ఎత్తేశారు. ప్లాస్టిక్ కుర్చీ వేసిన పెద్దాయన ఏమన్నాడు? "మంచి పిల్లేనండి." ఆ "ఏ" నా చెవిలో ఇంకా ఉంది. నా చేతిలో ఇప్పుడు సరైన మాట కూడా ఉంది. విషం ఉన్న మాట. "ఐ సస్పెక్ట్" అని టైపు చేసి చూసుకున్నాను. మొదటిసారిగా నా అనుమానం ఇంగ్లీషులో అనుమానంలాగే కనిపించింది.

ముందు ఆ మనిషి ఏం చేశారో చెప్పండి. ఏం చేసింది ఆ పిల్ల? నేను ప్రశ్న వేస్తే తల వంచుకుంది. అంతే. ఇంకేం చేసింది? ఊళ్ళో ముసలివాళ్ళకు సూది మందు వేయాలంటే తనే వెళుతుందని అదే పెద్దాయన, నేను ఫోను చూసుకుంటున్నప్పుడు, చెప్పాడు. నేను రాసుకోలేదు.

సస్పెక్ట్ కొట్టేసి, "ఐ డౌట్ హర్ ఎక్స్‌పీరియన్స్ ఈజ్ ఫాల్స్" అని రాశాను. పాత వాక్యమే, ఒక్క అక్షరం మారలేదు. పంపే ముందు లేచి వెళ్ళి కిటికీ వేసి వచ్చాను.